పాపిట వెడల్పవడం వేరు, దువ్వెన నిండటం వేరు

జుట్టు ఊడుతోందని వచ్చేవాళ్లలో చాలామంది రాలిన వెంట్రుకలను ఉండ చుట్టి, కాగితంలో పొట్లం కట్టి తెస్తారు. తలను మాత్రం సరిగ్గా చూసుకోరు. బోరు నీళ్లని, షాంపూని తప్పుపట్టి ఆరు నెలలు నూనెలు మారుస్తారు. ఎవరితోనైనా నడినెత్తిని పైనుంచి ఫొటో తీయించుకుని, రెండేళ్ల కిందటి ఫొటో పక్కన పెట్టి చూడండి. రెండు నిమిషాల పని. ఎందుకు చేయరో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కొన్ని చోట్లే పలచబడుతుంటే

మగవారికి కణతల దగ్గర జుట్టు వెనక్కి జరిగి నడినెత్తి తేలుతుంది. ఆడవారికి నుదుటి అంచు అలాగే ఉండి పాపిట వెడల్పవుతుంది. ఇది వంశపారంపర్యం. టెస్టోస్టిరాన్ నుంచి తయారయ్యే డీహెచ్‌టీ అనే హార్మోనుకు అక్కడి కుదుళ్లు లొంగుతాయి; మొలిచిన ప్రతిసారీ వెంట్రుక ఇంకాస్త సన్నబడుతుంది. ఆడవారిలో హార్మోను పాత్ర ఇంత స్పష్టంగా తేలలేదు కానీ వెంట్రుక సన్నబడే తీరు ఇదే. మేనమామ పోలిక అనే మాటలో కొంత నిజముంది, కానీ తండ్రి వైపు జన్యువులకూ వాటా ఉంది. ఆడవారికి నెలసరి తప్పుతూ గడ్డం మీద వెంట్రుకలు వస్తుంటే పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల తేడా) ఉందేమో చూపించుకోవాలి.

మందు మినాక్సిడిల్. వెంట్రుకలకు కాదు, ఆరిన మాడుకు రాయాలి. మొదటి రెండు నెలల్లో రాలడం పెరగవచ్చు. పాత వెంట్రుకలు కొత్తవాటికి దారి ఇస్తున్నాయన్న మాట. అందరూ సరిగ్గా అక్కడే మానేస్తారు. కనీసం ఆరు నెలలు రాయనిదే ఫలితం తేలదు, మానేస్తే వచ్చిన జుట్టు కొన్ని నెలల్లో పోతుంది. మగవారికి ఫినాస్టరైడ్ 1 మిల్లీగ్రాము కూడా ఉంది, డాక్టరు రాస్తేనే వాడాలి. లైంగిక కోరిక తగ్గినా, మనసు కుంగినా వెంటనే చెప్పండి. గర్భిణులు, గర్భం దాల్చే అవకాశమున్నవారు దాన్ని వాడకూడదు, విరిగిన మాత్రను ముట్టుకోకూడదు. మినాక్సిడిల్‌ను కూడా గర్భిణులు, పాలిచ్చే తల్లులు మానాలి.

తలంతా రాలుతుంటే

క్యాలెండరు మూడు నెలలు వెనక్కి తిప్పండి. డెంగీ, టైఫాయిడ్, కాన్పు, ఆపరేషను, కఠినమైన డైటింగ్ ఏదో ఒకటి దొరుకుతుంది. దానంతట అదే కుదుటపడుతుంది.

నేను మోసపోయింది ఇక్కడ

ఒక టీచరుగారు పాపిట వెడల్పయిందని వచ్చారు. తల్లికీ పలచటి జుట్టే. హిమోగ్లోబిన్ 12.4, మామూలుగానే ఉంది కదా అని ఇక ఆలోచించకుండా మినాక్సిడిల్ రాశాను. ఎనిమిది నెలలు ఒక్కరోజు తప్పకుండా రాసుకున్నారు, మార్పు లేదు. చివరికి నెలసరి గురించి అడిగాను. మొదటి మూడు రోజులు రెండు గంటలకో ప్యాడ్ మార్చుకుంటున్నారు, అందరికీ అంతే అనుకున్నారట. ఒంట్లో ఐరన్ నిల్వను చూపే ఫెరిటిన్ పరీక్ష చేయిస్తే 9.

గాదె అడుగంటినా వంటింట్లో బియ్యం డబ్బా కొన్నాళ్లు నిండుగానే కనబడుతుంది. హిమోగ్లోబిన్ ఆ డబ్బా, ఫెరిటిన్ ఆ గాదె. దిగువ హద్దు 15 అని ఉన్నా, జుట్టు రాలేవారిలో 40 దాటేలా చూసే డాక్టర్లు చాలామంది. నేనూ అంతే. జ్వరంలో ఫెరిటిన్ ఎక్కువగా చూపుతుంది కాబట్టి జ్వరం తగ్గిన కొన్ని వారాలకు చేయించండి. ఐరన్ మాత్ర నిమ్మరసంతో వేసుకుని, టీ, కాఫీ, పాలకు రెండు గంటలు దూరం పెట్టండి. విరేచనం నల్లగా అయితే భయపడకండి. మూడు నెలలకు మళ్లీ పరీక్ష. మగవారికి ఫెరిటిన్ తగ్గితే మాత్రలతో సరిపెట్టుకోకండి, కడుపులోనో పేగుల్లోనో రక్తం పోతోందేమో వెతకాలి. పరీక్ష లేకుండా ఐరన్ అసలు వద్దు.

ఆ టీచరుగారిని స్త్రీల వైద్యురాలి దగ్గరికి పంపాను, ఐరన్ మొదలుపెట్టాను. నాలుగు నెలలకు రాలడం తగ్గింది. తల్లి నుంచి వచ్చిన వాటా పాపిటలో ఉండనే ఉంది. దాని మీద మినాక్సిడిల్ అప్పుడు పనిచేయడం మొదలుపెట్టింది. అంటే రెండు కారణాలూ కలిసే ఉన్నాయి, నేను ఒకటే చూశాను.

థైరాయిడ్ పరీక్ష కూడా చేయించండి. జుట్టు కోసమని బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే మూడు రోజుల ముందే ఆపండి, లేకపోతే ఫలితం తప్పుగా రావచ్చు.

మిగతావి ఇంత తరచుగా కనబడవు. రూపాయి బిళ్లంత నున్నటి మచ్చ పేనుకొరుకుడు. బిగుతైన జడల వల్ల అంచులు పోతే జడ వదులు చేయండి. మాడు ఎర్రబడి, మంట పుట్టి, మెరిసే మచ్చలు వస్తే మాత్రం ఆ వారమే చర్మవైద్యుణ్ని కలవండి, ఆ కుదుళ్లు చస్తే తిరిగి రావు.

తిరుపతిలో గుండు చేయించుకుంటే ఒత్తుగా వస్తుందా అని ప్రతివారం ఎవరో ఒకరు అడుగుతారు. మొక్కు ఉంటే చేయించుకోండి, కత్తి కుదురు దాకా వెళ్లదు. మినాక్సిడిల్ మొదలుపెట్టిన రోజు అదే కిటికీ దగ్గర, అదే వెలుతురులో ఒక ఫొటో తీసి ఉంచండి, మళ్లీ వచ్చేటప్పుడు పొట్లం బదులు అది తీసుకురండి.