పిల్లాడు చెవి మిషన్ పీకేస్తుంటే ముందు చూడాల్సింది

"పెట్టిన కాసేపటికే పీకి పారేస్తున్నాడు మేడమ్, మా వల్ల కావట్లేదు." శ్రీకాకుళం, విజయనగరం వైపు రెండు మూడేళ్ల పిల్లలున్న తల్లులు వచ్చి మొదట చెప్పేది ఇదే. పక్కనే ఉన్న నాన్నమ్మ "గుంటడికి ఇష్టం లేదు, ఎందుకే ఏడిపిస్తావు, వదిలీ" అంటుంది. నేను అడిగేది కూడా ఎప్పుడూ ఒకటే: ఈ పొద్దున పెట్టేముందు మిషన్‌ని మీ చెవితో విన్నారా? చాలామంది వినరు. లైటు వెలిగితే చాలనుకుంటారు.

పనిచేయని మిషన్ చెవికి బిరడా పెట్టినట్టే. మోల్డు, అంటే చెవి అచ్చుతో చేసి చెవిలో పెట్టే ముక్క, చెవిని మూసేస్తుంది, లోపలికి శబ్దం రాదు, మిషన్ లేనప్పుడు వినిపించే ఆ కాస్త కూడా పోతుంది. మాటలు ఇంకా రాని పిల్లాడు ఆ సంగతి మనకు ఎలా చెప్తాడు? పీకేస్తాడు. దాన్ని మొండితనం అనకండి.

స్టెతోస్కోపులా చెవుల్లో పెట్టుకుని మిషన్ వినే గొట్టం ఉంటుంది, ఆడియాలజిస్టును (వినికిడి పరీక్షించి మిషన్ అమర్చేవారిని) అడిగి తీసుకోండి. దాని కొసకు మోల్డు తగిలించి ఆ, ఊ, ఈ, మ్, ష్, స్ అని నెమ్మదిగా అనండి. మాటలో ఉండే బరువైన ధ్వని నుంచి సన్నటి ధ్వని దాకా ఈ ఆరింటిలో వచ్చేస్తాయి. గరగర లేకుండా ఆరూ వినిపిస్తేనే పిల్లాడికి పెట్టండి. రోజూ, పళ్లు తోమించినట్టే.

అసలేమీ వినిపించట్లేదు

సెల్లు (బ్యాటరీ) మార్చండి. సైజుని స్టిక్కరు రంగుతో గుర్తుపట్టొచ్చు: 13 నంబరుకి నారింజ, 675కి నీలం. స్టిక్కరు తీశాక కనీసం ఒక నిమిషం, వీలైతే అయిదు నిమిషాలు గాలి తగలనిచ్చి అప్పుడు వేయండి. పాత సెల్లు పిల్లల చేతికి అందకూడదు. మింగినట్టు అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి.

పొద్దున బాగుంటుంది, పదకొండుకి పీకేస్తాడు, సాయంత్రానికి మళ్లీ బాగుంటుంది

అందరినీ తిప్పలు పెట్టేది ఇదే. మా దగ్గరికి వచ్చే ఒక పాప వాళ్లు సెల్లు మీద సెల్లు మార్చారు, బస్సెక్కి విశాఖ తీసుకెళ్లారు, అక్కడ చూస్తే మిషన్ చక్కగా పనిచేస్తోంది. "పాపే అలవాటు పడాలి" అని పంపేశారు. మర్నాడు పీకిన నిమిషంలోనే మోల్డు తెచ్చి కిటికీ దగ్గర వెలుతురుకి పెట్టి చూశాం. మోల్డుని మిషన్‌కి కలిపే పారదర్శకమైన ఆ సన్నటి ట్యూబు వంపులో ఆవగింజంత నీటి చుక్క. అది చాలు శబ్దం ఆగిపోవడానికి. ప్రయాణంలో అది ఆరిపోతుంది కాబట్టి డాక్టరు దగ్గర ఏమీ కనిపించదు. సెల్లు మార్చేటప్పుడు కదిలి పక్కకు జరుగుతుంది కాబట్టి నింద సెల్లు మీదకు పోతుంది.

చెవిలోని వెచ్చటి తేమ గాలి ట్యూబులోకి వచ్చి, బయటి చల్లదనానికి చుక్కగా మారుతుంది, డిసెంబరు, జనవరి పొద్దుల్లో మరీను. కళింగపట్నం, భావనపాడు, భోగాపురం లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఎండాకాలం ఉక్కపోతకి చెమట కూడా తోడవుతుంది. ఇంకో కారణం మన చేతుల్లోనే ఉంది: పొద్దున్నే మోల్డు కడిగి, పైపైన తుడిచి, అంగన్‌వాడీకి టైమైపోతోందని పెట్టేస్తాం.

కడిగేది రాత్రి. మోల్డుని మిషన్ నుంచి విడదీసి, గోరువెచ్చటి సబ్బు నీళ్లలో మోల్డు ఒక్కటే కడిగి, ట్యూబులోకి రబ్బరు బల్బుతో గాలి కొట్టండి. నోటితో ఊదొద్దు, ఊపిరిలోనూ తేమే. సెల్లు తీసి, దాని తలుపు తెరిచి, మిషన్‌ని సిలికా జెల్ (తేమ పీల్చే గుళికలు) వేసిన మూత గట్టి డబ్బాలో రాత్రంతా ఉంచండి. జెల్ రంగు మారిందంటే తేమ పట్టేసింది, మార్చండి. హెయిర్ డ్రయ్యరు, ఎండ వద్దు. బియ్యం డబ్బా అసలు వద్దు, తవుడు దుమ్ము మైకు రంధ్రాల్లోకి పోతుంది. బల్బు ఒకటి పిల్లాడి సంచిలో కూడా వేసి, అంగన్‌వాడీ టీచరుకి చూపించండి. ఇంత చేసినా చుక్క వస్తుంటే తేమ పట్టని రకం ట్యూబు వేయమని అడగండి.

కూత పెడుతోంది

చెవి పెరిగింది, మోల్డు వదులైంది. చిన్నపిల్లలకి మూడు నుంచి ఆరు నెలలకే కొత్తది కావాల్సి రావచ్చు. కూత ఆగాలని సౌండు తగ్గించకండి, కూతతో పాటు మాటా పోతుంది. క్యాంపులో ఇచ్చిన మిషన్ అయినా మోల్డు మాత్రం పిల్లాడి చెవి అచ్చు తీసి చేసిందే ఉండాలి.

మిషన్ బాగానే ఉంది, అయినా పీకేస్తున్నాడు

ఇప్పుడు అలవాటు గురించి మాట్లాడుకుందాం. ఇడ్లీ తినేటప్పుడో, ఇష్టమైన బొమ్మతో ఆడేటప్పుడో, ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు పెట్టండి. తీస్తే తిట్టకుండా, పెద్దది చేయకుండా మళ్లీ పెట్టండి. నిద్ర వస్తుంటే వాడు పీకకముందే మీరే తీయండి. మెల్లగా పెంచుతూ మెలకువగా ఉన్నంతసేపూ ఉండేలా చేరుకోవాలి. చొక్కా వెనక క్లిప్పు తాడు కట్టండి, పారేసినా పోదు. కొత్తలోనే సిరిమానోత్సవం జనంలోకి, డప్పుల దగ్గరికి తీసుకెళ్లొద్దు. గట్టి శబ్దానికి ప్రతిసారీ ఉలిక్కిపడి ఏడుస్తుంటే సెట్టింగు ఆడియాలజిస్టు సరిచేయాలి.

చెవి ఎర్రబడటం, చీము కారడం, జలుబు తర్వాత వినికిడి తగ్గడం ఉంటే మిషన్ తీసేసి ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లండి. లోపల స్పీకరు పోవడం, మోల్డు చర్మానికి పడకపోవడం కూడా ఉండొచ్చు. ఎవరి దగ్గరికి వెళ్లినా వారం రోజులు ఏ గంటకి పీకాడో, అప్పుడు ట్యూబులో ఏం కనిపించిందో రాసిన కాగితం తీసుకెళ్లండి.