పోర్చుగీసు క్రియల్లో ఊనిక ఎక్కడ పడుతుంది?

“ఫ-లా-రఁవ్” అంటే వాళ్లు మాట్లాడారు. “ఫ-ల-రాఁవ్” అంటే మాట్లాడతారు. రాతలో చివరి అక్షరాలు వేరు గానీ చెవికి తేడా తెలిసేది ఊనికతోనే, అంటే ఏ సిలబుల్‌ను మిగతావాటికన్నా బలంగా పలుకుతామో దానితోనే. తెలుగులో ఊనిక మార్చినా అర్థం మారదు కాబట్టి మనవాళ్లు అన్ని సిలబుళ్లనూ ఒకే బలంతో పలికేస్తారు. కింద దీర్ఘం ఉన్నచోట ఊనిక ఉన్నట్టు చదువుకోండి.

ముందు మాటను విడగొట్టండి. లెక్క అచ్చులతోనే, కానీ చిక్కు వచ్చేది కూడా పక్కపక్కన ఉన్న అచ్చులతోనే. “సాయ్” (బయటికి వెళ్తాడు) ఒక్కటే సిలబుల్. చివరి ఇ-కారం మీద గుర్తు (అచ్చు అక్షరం మీద గీసే చిన్న గీత) పెడితే “స-ఈ” (వెళ్లాను), రెండు. మాట చివర ఇ, అ పక్కపక్కన ఉండి గుర్తేమీ లేకపోతే విడదీయాలి: “కొ-మీ-అ” (తినేవాడు), “స-బీ-అ” (తెలిసి ఉండేది). అవే అక్షరాలకు మొదట్లో గుర్తు పెడితే “సా-బ్య”, తెలివైన స్త్రీ. చివర పెడితే “స-బి-ఆ”, ఒక పిట్ట.

తర్వాత గుర్తు ఉందేమో చూడండి. ఉంటే ఊనిక అక్కడే: “ఫ-లా-వ-ముస్”, “కొ-మీ-అ-ముస్”. చివరి నుంచి మూడో సిలబుల్ మీద ఊనిక పడితే గుర్తు తప్పనిసరి. “ఫ-ల-వా-ముస్” అనడం తరచూ జరిగే తప్పు.

గుర్తు లేకపోతే చివరి అక్షరం చూడండి, శబ్దం కాదు. అ, ఎ, ఒ ఉంటే, వాటికి ఎస్ గానీ ఎమ్ గానీ చేరినా, ఊనిక చివరి నుంచి రెండోదాని మీద: “ఫా-లు” (రాతలో చివర ఒ), “ఫా-లఁవ్” (రాతలో చివర అ, ఎమ్). ఇ, ఉ, ఆర్, ఎల్, జెడ్ ఉంటే చివరిదాని మీదే: “ఫ-లార్”, “ఫ-లేయ్” (రాతలో చివర ఇ), “కొ-మేవ్” (రాతలో చివర ఉ). శబ్దాన్ని నమ్మితే ఎక్కడ దెబ్బతింటామంటే, బ్రెజిల్‌లో చాలాచోట్ల “పార్-చి” (బయల్దేరుతాడు), “పర్-చీ” (బయల్దేరాను) రెండూ ఇ-కారంతోనే ముగుస్తాయి. రాతలో మొదటిదాని చివర ఎ, రెండోదాని చివర ఇ.

“ఫ-లా-ముస్” (మాట్లాడాం) మీద పోర్చుగల్‌లో గుర్తు కనిపిస్తే కంగారు పడొద్దు. అది నోరు తెరిచి పలకమని చెప్పేది, ఊనికను కదిపేది కాదు. పోర్చుగీసు మాట్లాడే దేశాల 1990 లిపి ఒప్పందం దాన్ని ఐచ్ఛికం చేసింది. బ్రెజిల్‌లో పెట్టరు.

క్రియకు హైఫన్‌తో అంటుకున్న సర్వనామాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. “కొం-ప్రార్” (కొనడం)కి “లు” (దాన్ని) చేరితే ఆర్ పోతుంది. మిగిలింది అ-కారంతో ముగుస్తుంది, అందుకే గుర్తు పెట్టాలి: “కొం-ప్రా-లు”. “అ-బ్రీర్” (తెరవడం) నుంచి వచ్చే “అ-బ్రీ-లు”కి మాత్రం అక్కర్లేదు, ఇ-కారాంతానికి ఊనిక ఎలాగూ చివరే.