ఫోల్డర్ ఒకటే, గిట్‌లు రెండు: ‘ఇండెక్స్ ఫైల్ కరప్ట్’ వస్తే ముందేం చూడాలి

డాట్ గిట్ ఫోల్డర్‌ని డిలీట్ చేయకండి. కోడ్ మార్పుల చరిత్రని దాచే గిట్ అనే ప్రోగ్రామ్ తన లెక్కలన్నీ పెట్టుకునేది అందులోనే. ఫోన్ ఎత్తగానే నేను చెప్పే మొదటి మాట ఇదే. నిన్నటిదాకా తెరుచుకున్న రిపాజిటరీ (గిట్ చూసుకునే కోడ్ ఫోల్డర్) ఇవాళ తెరుచుకోకపోతే, టెన్షన్‌లో చాలామంది ఆ ఫోల్డర్ తీసేసి మళ్లీ క్లోన్ చేసుకుంటారు, అంటే కొత్త కాపీ తెచ్చుకుంటారు. పుష్ చేయని (బయటికి పంపని) కమిట్‌లు, అంటే గిట్‌లో నమోదు చేసిన మార్పులు, స్టాష్‌లో దాచుకున్న మార్పులు, లోకల్ బ్రాంచీలు అన్నీ దాంతోపాటే పోతాయి. నా దగ్గరకు వచ్చిన కేసుల్లో చాలావాటిలో అసలు డేటా ఏమీ పాడవలేదు. కొత్త గిట్ రాసింది పాత గిట్‌కి అర్థం కాలేదు, అంతే.

అందరూ వదిలేసే చెక్

గిట్ వెర్షన్ చూశారా అని అడిగితే చూశామంటారు. చూసింది తమ ల్యాప్‌టాప్‌లో. చూడాల్సింది ఎర్రర్ వచ్చిన చోట. సర్వర్‌లో వస్తే సర్వర్‌లోనే చూడాలి. కోడ్ రాసుకునే ఎక్లిప్స్‌లో వస్తే టెర్మినల్‌లో వెర్షన్ అడిగి లాభం లేదు, ఎందుకంటే ఎక్లిప్స్ లోపల నడిచేది జేగిట్ అనే వేరే ప్రోగ్రామ్. లినక్స్ రకాల్లో సెంటాస్ 7తో వచ్చే గిట్ 1.8.3.1. ఉబుంటు 20.04తో 2.25.1, 22.04తో 2.34.1, 24.04తో 2.43.0 వస్తాయి. మన ఊళ్లలో ఒకే ఆఫీసులో ఇవన్నీ పక్కపక్కనే ఉంటాయి. పాత రిపాజిటరీని కొత్త గిట్ చదవగలదు, ఆ విషయంలో గిట్ తయారుచేసేవాళ్లు చాలా జాగ్రత్తగా ఉంటారు. చిక్కంతా కొత్తది రాసినదాన్ని పాతది చదవాల్సి వచ్చినప్పుడే.

‘ఎక్స్‌పెక్టెడ్ గిట్ రెపో వెర్షన్’ లేదా ‘అన్‌నోన్ రిపాజిటరీ ఎక్స్‌టెన్షన్’ అని వస్తే

ఇది దాచుకోకుండా చెప్పే ఎర్రర్. డాట్ గిట్‌లో ఉన్న కాన్ఫిగ్ ఫైలు తెరవండి. రిపాజిటరీ ఫార్మాట్ వెర్షన్ దగ్గర 0 బదులు 1 ఉంటుంది, కింద ఎక్స్‌టెన్షన్స్ అనే భాగం కనిపిస్తుంది. దయచేసి ఆ 1ని 0గా దిద్దకండి. తనకు తెలియని రిపాజిటరీని పాత గిట్ కెలకకుండా వేసిన తాళం అది. పార్షియల్ క్లోన్ అని ఉంటే ఆ ఫోల్డర్‌లో కొన్ని ఆబ్జెక్టులు అసలు లేవని అర్థం. పాత చోట పూర్తి క్లోన్ తీసుకోండి. ఆబ్జెక్ట్ ఫార్మాట్ షా256 (ఆబ్జెక్టులకు పేర్లు లెక్కగట్టే కొత్త పద్ధతి) అని ఉంటే 2.29 లేదా ఆ పైది వేసుకోవడమే. రెఫ్‌టేబుల్ (బ్రాంచీల పేర్లు దాచే కొత్త పద్ధతి) అని ఉంటే అది 2.45లో వచ్చింది. 2.46 నుంచి రెఫ్స్ మైగ్రేట్ అనే కమాండ్‌తో పాత పద్ధతికి తిప్పుకోవచ్చు.

‘బ్యాడ్ ఇండెక్స్ ఫైల్ షా1 సిగ్నేచర్’, దాని కిందే ‘ఇండెక్స్ ఫైల్ కరప్ట్’

నన్ను రెండుసార్లు బస్సెక్కించింది ఇదే. ఇండెక్స్ అంటే తర్వాతి కమిట్‌లోకి వెళ్లాల్సిన ఫైళ్ల జాబితాని గిట్ రాసుకునే ఫైలు. పలాసలో జీడిపప్పు వ్యాపారులకు స్టాకు, బిల్లింగ్ ప్రోగ్రాము రాసే చిన్న ఆఫీసు ఒకటుంది. వాళ్ల కోడ్ ఫోల్డర్ సెంటాస్ 7 సర్వర్‌లో ఉంటుంది. కుర్రాళ్లు దాన్ని షేర్డ్ డ్రైవ్‌గా ల్యాప్‌టాప్‌ల నుంచి తెరిచి పని చేస్తారు. రాత్రి 9కి సర్వర్‌లో ఒక స్క్రిప్ట్ అదే ఫోల్డర్‌లో గిట్ నడుపుతుంది. ఒకరోజు ఆ స్క్రిప్ట్ ఆగిపోయింది. “అన్నా, మేమేటీ ముట్టుకోలేదు, మా ల్యాప్‌టాప్‌లో బాగానే ఉంది” అన్నాడు అబ్బాయి. నిజంగానే ల్యాప్‌టాప్‌లో బాగుంది.

శ్రీకాకుళం నుంచి వెళ్లి ఇండెక్స్ ఫైలు మొదటి ఎనిమిది బైట్లు చూశాను: 44 49 52 43 00 00 00 04. మొదటి నాలుగూ ఇండెక్స్ గుర్తు, ఆ తర్వాతిది ఫార్మాట్ వెర్షన్. మామూలుగా ఉండేది 2, ఇక్కడ 4 ఉంది. దొరికింది అనుకుని, ల్యాప్‌టాప్‌లో వెర్షన్ 2కి మార్చేసి, సర్వర్‌లో చూడకుండానే తిరుగు బస్సెక్కాను. ఆ రాత్రి స్క్రిప్ట్ మళ్లీ ఆగింది. నిజానికి 1.8.3.1కి వెర్షన్ 4 చదవడం వచ్చు. నేను చూడాల్సింది ఫైలు మొదలు కాదు, చివర.

రెండోసారి వెళ్లినప్పుడు టెయిల్ కమాండ్‌తో చివరి 20 బైట్లు తీశాను. 00 00 00 00... ఇరవైకి ఇరవై సున్నాలే. అక్కడ ఫైలు మొత్తానికి లెక్కగట్టిన చెక్‌సమ్ ఉండాలి. పెద్ద రిపాజిటరీల్లో ఆ లెక్కకి టైమ్ పడుతుందని 2.40లో స్కిప్‌హ్యాష్ అనే సెట్టింగ్ తెచ్చారు. అది ఆన్‌లో ఉంటే లెక్క మానేసి సున్నాలు రాస్తుంది. 2.13 నుంచి వచ్చిన గిట్‌లు ఇండెక్స్ చదివేటప్పుడు ఆ చెక్‌సమ్‌ని పట్టించుకోవు కాబట్టి వాటికి ఇబ్బంది లేదు. అంతకంటే పాతవి లెక్క సరిచూసి, కుదరక, ఫైలు పాడైందని చేతులెత్తేస్తాయి. ఫైలు మాత్రం శుభ్రంగా ఉంటుంది.

ఆ సెట్టింగ్ పెట్టింది ఎవరు? గిట్ కాన్ఫిగ్ కమాండ్‌కి లిస్ట్, షో-ఆరిజిన్ అనే రెండు ఆప్షన్లు ఇస్తే ఏ సెట్టింగ్ ఏ ఫైలు నుంచి వస్తోందో చూపిస్తుంది. ఆ అబ్బాయి ల్యాప్‌టాప్‌లో, అన్ని రిపాజిటరీలకూ వర్తించే గ్లోబల్ కాన్ఫిగ్‌లో, ఫీచర్ డాట్ మెనీఫైల్స్ ట్రూ అని ఉంది. గిట్ స్పీడ్ పెంచుకోవడం ఎలా అన్న వీడియో చూసి పెట్టాడట. ఆ ఒక్క లైనే ఇండెక్స్ వెర్షన్ 4నీ, స్కిప్‌హ్యాష్‌నీ కలిపి ఆన్ చేస్తుంది. స్కిప్‌హ్యాష్ అనే పేరు కాన్ఫిగ్‌లో ఎక్కడా కనబడదు కాబట్టే ఇది అంత త్వరగా దొరకదు.

మళ్లీ క్లోన్ చేస్తే తగ్గినట్టే తగ్గి తిరగబెట్టేదీ ఇందుకే. ఇండెక్స్ పుష్‌తో వెళ్లదు, క్లోన్‌తో రాదు. సర్వర్‌లో క్లోన్ చేస్తే సర్వర్ గిట్ తన పద్ధతిలో కొత్త ఇండెక్స్ రాసుకుంటుంది. పొద్దున్న ల్యాప్‌టాప్ నుంచి ఒక్క ఫైలు యాడ్ చేయగానే మళ్లీ సున్నాలు పడతాయి.

ఫిక్స్ ఇలా చేయండి. ముందు ఇండెక్స్ ఫైలుని వేరే పేరుతో కాపీ తీసి పెట్టుకోండి. తర్వాత కొత్త గిట్ ఉన్న ల్యాప్‌టాప్‌లో, గ్లోబల్ ఆప్షన్ లేకుండా, ఆ రిపాజిటరీకి మాత్రమే మెనీఫైల్స్‌నీ, ఇండెక్స్ డాట్ స్కిప్‌హ్యాష్‌నీ ఫాల్స్ చేయండి. లోకల్ సెట్టింగ్ ఉంటే గ్లోబల్‌ది చెల్లదు. పైగా ఈ కాన్ఫిగ్ ఆ ఫోల్డర్‌లోనే ఉంటుంది కాబట్టి దాన్ని తెరిచే ల్యాప్‌టాప్‌లన్నిటికీ వర్తిస్తుంది. ఇది అయ్యాకే అప్‌డేట్-ఇండెక్స్ కమాండ్‌కి ఇండెక్స్-వెర్షన్ 2 అని ఇవ్వండి. ముందే ఇస్తే నాకు జరిగినట్టే వెర్షన్ మారుతుంది, సున్నాలు మిగులుతాయి. వెర్షన్ ఇప్పటికే 2 అయి ఉంటే ఆ కమాండ్ ఫైలుని తిరిగి రాయదు. అప్పుడు ఒకసారి 4 చేసి మళ్లీ 2 చేయండి. చివరి 20 బైట్లు మళ్లీ చూసి, సర్వర్‌లో గిట్ స్టేటస్ నడిపి, అప్పుడు బయల్దేరండి.

ల్యాప్‌టాప్ చేతిలో లేకపోతే సర్వర్‌లోనే ఇండెక్స్‌ని పక్కకు జరిపి ఉత్త గిట్ రీసెట్ ఇవ్వండి. హార్డ్ అని మాత్రం కలపకండి. స్టేజ్ చేసినవి పోతాయి, ఫైళ్లలో మార్పులు అలాగే ఉంటాయి. మెర్జ్ మధ్యలో ఉంటే ఈ దారి వద్దు. సెంటాస్ 7కి సపోర్ట్ 2024 జూన్ 30తో ఆగిపోయింది, సర్వర్ మార్చగలిగితే మార్చేయండి.

మిగతావి

గిట్ లాంటి పనే చేసే ఎస్‌వీఎన్‌లో ‘క్లయింట్ ఈజ్ టూ ఓల్డ్’ అని వస్తే ఎవరో కొత్త క్లయింట్‌తో వర్కింగ్ కాపీని అప్‌గ్రేడ్ చేశారు. 1.7కి ముందు అది చెప్పకుండానే జరిగిపోయేది, 2011లో 1.7 వచ్చాక విడిగా అప్‌గ్రేడ్ కమాండ్ ఇస్తేనే జరుగుతుంది. వెనక్కి మార్చే కమాండ్ లేదు. మార్పులను ప్యాచ్‌గా తీసుకుని కొత్తగా చెకౌట్ చేయండి. అలాంటిదే ఇంకొకటి, మెర్క్యూరియల్ అయితే ఏ ఫీచర్ తెలియదో పేరుతో సహా ఎర్రర్‌లోనే చెబుతుంది. ‘డ్యూబియస్ ఓనర్‌షిప్’ అనేది ఫోల్డర్ ఓనర్ గొడవ, ఫార్మాట్‌తో సంబంధం లేదు. డిస్క్ నిజంగా పాడైతే సాధారణంగా ఇండెక్స్ ఒక్కటే కాదు, వేరే ఫైళ్లూ తెరుచుకోవు.