చమురు లేని నేల మీద చమురు శాస్త్ర సంఘం: సమావేశాలు ఎలా నడపాలి?

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో చమురు బావి లేదు. మన కాళ్ల కింద ఎక్కువ చోట్ల ఉన్నది దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. కరిగిన రాతి ముద్ద భూమి లోపల చల్లారి గట్టిపడితే ఏర్పడిన రాయి అది. చమురు పుట్టాలంటే ఒండ్రులో పూడుకుపోయిన జీవపదార్థం కావాలి. అది ఈ రాతిలో లేదు. అయినా ఇక్కడ పెట్రోలియం భూవిజ్ఞాన సంఘం పెట్టుకోవచ్చని, పెట్టుకోవాలని నా నమ్మకం. చమురు క్షేత్రాల్లో పనిచేసి రిటైరై ఇల్లు చేరినవారు, చమురు బావులు తవ్వే రిగ్గుల మీద నుంచి సెలవులకు వచ్చే యువకులు, జియాలజీ చదివే విద్యార్థులు, బోర్లు వేసేవారు, క్వారీల్లో రాయి తీసేవారు మన మధ్యే ఉన్నారు. వీరంతా ఒకచోట కూర్చునే సందర్భమే లేదు. దాన్ని ఎలా కల్పించాలో చెబుతాను.

మొదట ఐదుగురిని వెతకండి

రిజిస్ట్రేషన్, లెటర్‌హెడ్, పదవుల పంపకం ఇప్పుడే వద్దు. ముందు మూడు సమావేశాలు నడపండి, ఎవరు మళ్లీ మళ్లీ వస్తున్నారో చూడండి, అప్పుడు కాగితాల పని పెట్టుకోండి. ప్రపంచంలోనే అతి పాత భూవిజ్ఞాన సంఘం 1807 నవంబరు 13న లండన్‌లోని ఒక భోజనశాలలో పుట్టింది. కలిసి భోంచేస్తూ రాళ్ల గురించి మాట్లాడుకోవాలన్నదే అక్కడ చేరినవారి మొదటి ఉద్దేశం. అన్నం, రాయి రెండూ ఒకే బల్ల మీద ఉండాలన్న ఆ పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది.

మనిషి కోసం వెతికేటప్పుడు హోదా చూడకండి. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం ఉన్నాయి. అక్కడి అధ్యాపకులను పిలవండి. బోరు బండి నడిపే మేస్త్రీని కూడా అదే మర్యాదతో పిలవండి.

రోజు, వేళ, చోటు

నెలకు ఒక ఆదివారం చాలు, కానీ అది మారకూడదు. సాయంత్రం నాలుగుకు మొదలుపెడితే పల్లెల నుంచి వచ్చినవారు చివరి బస్సు అందుకుంటారు. బతుకమ్మ రోజులు, వరి కోతలు తప్పించండి. చోటుకు బడి గది చాలు, హాలు అక్కర్లేదు. ప్రొజెక్టర్ కంటే ముందు తాగునీరు, మరుగుదొడ్డి ఉన్నాయో లేదో చూసుకోండి. అవి లేకపోతే ఆడపిల్లలు రెండోసారి రారు.

ప్రసంగం ఇరవై ఐదు నిమిషాలు

నేను చూసిన మొదటి సమావేశంలో ఒక పెద్దాయన గంటన్నర సేపు తెర మీద బొమ్మలు చూపించారు. విషయం మంచిదే. కానీ టీ వచ్చేసరికి సగం కుర్చీలు ఖాళీ అయ్యాయి, అడగాలనుకున్న ప్రశ్నలు అడగకుండానే పిల్లలు వెళ్లిపోయారు. ఆ రోజు నుంచి నాది ఒకటే పట్టు: ప్రసంగం ఇరవై ఐదు నిమిషాలు, ప్రశ్నలు అంతే సేపు, ఆ తర్వాత టీ ఎంతసేపైనా. అసలు చదువు టీ దగ్గరే జరుగుతుంది.

మాట్లాడే వ్యక్తికి వారం ముందే చెప్పండి: తెలుగులో మాట్లాడాలి, ఒక్క విషయమే ఎంచుకోవాలి, చేతితో ముట్టుకునే వస్తువు ఒకటి తేవాలి. ఏమీ దొరకకపోతే ఈ ప్రయోగం చేయించండి. ఒక గాజు గ్లాసు నిండా ఎండు ఇసుక పోసి, కొలిచిన నీళ్లు మెల్లగా వంచండి. గ్లాసులో మూడో వంతుకు పైగా నీళ్లు ఇసుకలోనే ఇముడుతాయి. చమురు నేల కింద చెరువులా ఉండదు, రేణువుల సందుల్లో ఇలా దాగి ఉంటుంది. తర్వాత ఒక గ్రానైట్ ముక్కను తూచి, రాత్రంతా నానబెట్టి మళ్లీ తూచండి. బరువు దాదాపు మారదు. చివరగా తాండూరు బండను గీకి, ఆ పొడి మీద నిమ్మరసం పిండితే బుడగలు వస్తాయి. అది సున్నపురాయి, గ్రానైట్‌కు ఆ గుణం లేదు. ఈ మూడూ చూసిన పదో తరగతి పిల్లవాడు ఆ రోజు విన్నది మరిచిపోడు.

బోరు మేస్త్రీని, మడ్‌లాగర్‌ను పక్కపక్కన కూర్చోబెట్టండి

నాకు అన్నింటికంటే ఇష్టమైన సమావేశం ఇదే. చమురు బావి తవ్వేటప్పుడు పైకి వచ్చే రాతి తునకలను మడ్‌లాగర్ అడుగడుగునా చూసి, లోతుతో పాటు రాసుకుంటాడు. బోరు మేస్త్రీ కూడా పైకి లేచే పొడి రంగు, తడి చూసి ఊట దగ్గర పడిందో లేదో పసిగడతాడు. పని ఒకటే, పరికరాలే వేరు. గట్టి గ్రానైట్‌లో నీరు ఉండేది పగుళ్లలోనే కాబట్టి, పగులు తగలకపోతే వందల అడుగులు దిగినా బోరు ఎండుతుంది. వియత్నాం సముద్రంలోని బాక్ హో క్షేత్రంలో ఇలాంటి పగిలిన గ్రానైట్‌లోనే చమురు ఉంది. పక్కనున్న ఒండ్రు శిలల్లో పుట్టి ఆ పగుళ్లలోకి చేరింది. ఈ మాట విన్న మేస్త్రీ ముఖం చూడాలి. తన ముప్పై ఏళ్ల అనుభవానికి శాస్త్రంలో చోటుందని అతనికి అప్పుడు తెలుస్తుంది.

ఫ్లోరైడ్ మీద కూడా ఒక సమావేశం పెట్టండి. గ్రానైట్‌లోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ పగుళ్లలోని నీటిలోకి ఎలా దిగుతుందో చెప్పడానికి, రాతిలో ద్రవాల నడక తెలిసినవారి కంటే తగినవారు ఎవరు? పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా మన జిల్లా పేరే పెట్టి నల్లగొండ టెక్నిక్ అంటుంది.

రహస్యాల విషయంలో జాగ్రత్త

ఉద్యోగంలో ఉన్నవారు మాట్లాడేటప్పుడు బావుల లాగ్‌లు (లోతు వారీగా రాతి గుణాలు కొలిచిన పట్టికలు), సెస్మిక్ బొమ్మలు (నేలలోకి పంపిన కంపనాలతో గీసిన లోపలి పొరల చిత్రాలు) సంస్థ ఆస్తి అని గుర్తుంచుకోండి. బయట చూపడానికి అనుమతి ఉందా అని ముందే అడగండి. అనుమానం ఉంటే అప్పటికే ప్రచురితమైన బొమ్మలే వాడమనండి. తెర మీద చూపినదాన్ని ఎవరూ ఫోనుతో తీయకూడదని మొదట్లోనే ప్రకటించండి. దీనికి మొహమాటపడితే ఒకరి ఉద్యోగానికే ముప్పు.

రాయి దగ్గరికి ప్రయాణం

ఏడాదికి రెండు యాత్రలు చాలు, అవి నవంబరు నుంచి ఫిబ్రవరి లోపే. నాగార్జునసాగర్ వైపు పెద్దగట్టు ప్రాంతంలో అడుగున గ్రానైట్, దాని మీద పరచుకున్న ఒండ్రు శిలలు ఉన్నాయి. ఆ రెండూ కలిసే గీత దగ్గర కోట్ల ఏళ్ల ఖాళీ ఉంది, అంటే ఆ కాలపు రాయి అక్కడ మిగల్లేదు. మూసీ కృష్ణలో కలిసే వాడపల్లి దగ్గర గుప్పెడు ఇసుక తీసి భూతద్దంతో చూపండి. మన గుట్టలు అరిగి రాలిన పలుగురాతి రేణువులు అందులో కనిపిస్తాయి. కృష్ణ అలాంటి ఇసుకనే కోట్ల ఏళ్లుగా సముద్రం దాకా మోసి పోసింది. ఈనాడు గ్యాసు, చమురు తీస్తున్న కృష్ణా–గోదావరి బేసిన్ నిండింది అలాంటి ఒండ్రుతోనే. చమురుకూ మనకూ ఉన్న బంధుత్వం ఇది. నా యాత్రలన్నీ ఆ మాట చెప్పడానికే.

అమ్రాబాద్ అడవిలోకి వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. క్వారీలో యజమానిని అడగండి, హెల్మెట్ పెట్టుకోండి, నిలువు రాతి గోడ కింద నిలబడకండి, పేలుళ్ల వేళ తెలుసుకోండి. శాసనాలు, గుడి రాళ్ల దగ్గర సుత్తి సంచిలోనే ఉండాలి.

కుటుంబాలతో ఒక పూట

సంక్రాంతి తర్వాత ఒక ఆదివారం అందరూ ఇంటివాళ్లతో రావాలి. జొన్న రొట్టె, పచ్చి పులుసు, మిగిలిన సకినాలు ఎవరి ఇంటివి వారే తెస్తే ఖర్చు ఉండదు. ఆ రోజు ప్రసంగాలు వద్దు. నెలల తరబడి రిగ్గు మీద ఉండే మనిషి భార్యకు, పిల్లలకు అతను ఏం చేస్తాడో తెలియదు. వారికి ఒక కోర్ ముక్క (బావి లోతుల్లోంచి కోసి తీసిన రాయి) చేతిలో పెట్టి అతన్నే చెప్పనివ్వండి.

డబ్బు, నోటుబుక్కు

టీ ఖర్చు వచ్చినవారే పంచుకోవాలి. సరుకు అమ్ముకునే సంస్థలు చందా ఇస్తామంటే వద్దనండి. లేకపోతే ఆరు నెలల్లో ప్రసంగం ప్రకటనగా మారుతుంది. లెక్క నోటుబుక్కులో రాసి, తర్వాతి సమావేశం మొదట్లో పైకి చదవండి. అదే పుస్తకంలో ఎవరు ఏం చెప్పారు, ఏ ప్రశ్న తేలకుండా మిగిలింది అన్నవి నాలుగు వరుసలు రాయండి. తెచ్చిన ప్రతి రాయి మీద ఊరు, తేదీ రాసిన పట్టీ అంటించి బడి అలమారలో పెట్టండి. వచ్చే నెల ఎవరు మాట్లాడాలో మాత్రం జనం కుర్చీల్లోంచి లేవక ముందే తేల్చండి.