ఆనకట్టల భద్రత, 4వ పాఠం: ఊట నీటిని చదవడం

మూడో పాఠం చివర ఇచ్చిన లెక్కను ముందు సరిచూసుకుందాం. నూరేళ్ళ వరద అంటే నూరేళ్ళకు ఒకసారి వాయిదా తప్పకుండా వచ్చేది కాదు, ఏ సంవత్సరమైనా నూటికి ఒక వంతు అవకాశంతో రాగలిగేది. అలాంటి వరద 50 ఏళ్ళలో ఒక్కసారైనా వచ్చే అవకాశం ఎంత అన్నది ప్రశ్న. ఒక ఏడాది అది రాకపోయే అవకాశం 0.99. ఆ సంఖ్యను 50 సార్లు గుణిస్తే 0.605 వస్తుంది, దాన్ని 1 నుంచి తీసివేస్తే 0.395 మిగులుతుంది, అంటే నూటికి దాదాపు 40. కొందరు 50ని 100తో భాగించి నూటికి 50 అని రాస్తారు. అదే పద్ధతిలో 100 ఏళ్ళకు లెక్క కడితే నూటికి నూరు అని తేలుతుంది, కాని అసలు జవాబు 63. కట్టినవారు ఊహించిన వరదను మించి వరద రావడం మనకు వినికిడి సంగతి కాదు. దాదాపు 19 లక్షల క్యూసెక్కులు వదలగలిగేలా కట్టిన శ్రీశైలానికి 2009 అక్టోబరులో సుమారు 25 లక్షల క్యూసెక్కులు వచ్చాయి, 885 అడుగుల పూర్తి మట్టం ఉన్న జలాశయంలో నీరు 896 అడుగులు దాటింది.

ఇక ఈ పాఠానికి వద్దాం. వరద కట్ట మీదుగా పొర్లడం అందరికీ కనిపించే ప్రమాదం. కట్ట లోపలి నుంచి నీరు దారి చేసుకోవడం చూడడం నేర్చినవారికే కనిపిస్తుంది. వనపర్తి దగ్గరి సరళాసాగర్ 2019 డిసెంబరు 31న, అంటే వానాకాలం వెళ్ళిపోయిన మూడు నెలలకు, కట్టకు గండి పడి ఖాళీ అయింది. వరద వస్తే తమంతట తామే నీటిని బయటికి లాగే సైఫన్లకు పేరుపడిన జలాశయమది. ఆ గండికి కారణాల జోలికి నేను వెళ్ళడం లేదు. సైఫన్ అయినా షట్టరైనా మత్తడైనా ఎక్కువైన నీటిని పంపగలవే గాని, మట్టి లోపల జరుగుతున్నదాన్ని ఆపలేవన్నంత వరకే ఆ ఉదాహరణ మనకు కావాలి.

మట్టికట్ట అన్నాక ఊట ఉంటుంది. ఊట లేని కట్ట కోసం వెతకడం దండగ. నీటి వైపు నుంచి మట్టిలోకి చేరిన తేమ కట్ట పొట్టలో నెమ్మదిగా కిందికి వాలుతూ వచ్చి, అడుగున అమర్చిన రాతి వడపోతలోకి దిగి, కాలువగా బయటికి పోవాలి. ఆ దారిలో పోతున్నంత వరకు ఊట ఆరోగ్యమే. దారి తప్పి వెనుక వాలు మధ్యలో బయటపడినా, తనతో మట్టి రేణువులను తెచ్చుకున్నా అది రోగం. రేణువు పోయిన చోట సందు పెద్దదవుతుంది, సందు పెద్దదైతే నీటి వేగం పెరుగుతుంది, వేగం పెరిగితే మరింత మట్టి కొట్టుకుపోతుంది. మన ఊళ్ళలో బుంగ పడడం అనేది దీన్నే.

చూపు ఎక్కడ నిలపాలో చెబుతాను. కట్ట పైన జీపులో తిరిగినవారికి ఏమీ కనబడదు కనుక వెనుక వాలు అడుగున, వాలుకూ పొలానికీ మధ్య గట్టున, నడవాలి. ఎండాకాలంలో చుట్టూ గడ్డి ఎండిపోయి ఒకచోట మాత్రం పచ్చగా ఉంటే, జమ్ము మొలిస్తే, కాలు మెత్తగా దిగితే అక్కడ గుర్తు పెట్టుకోవాలి. ఎలుక బొరియలు, చెదపుట్టలు, తుమ్మ చెట్ల వేళ్ళు కూడా రాసుకోవలసినవే. నరికేసిన చెట్టు వేరు మట్టిలో కుళ్ళి గొట్టంలా మిగులుతుంది కాబట్టి నరికేశామని ఊరుకోవడానికి వీల్లేదు. వీటన్నిటికంటే ఎక్కువ సమయం తూము దగ్గర గడపండి. రాతి గోడను ఆనుకున్న చోట మట్టిని దిమ్మిస కొట్టి గట్టిపరచడం కష్టం, అందుచేత మట్టికీ తూము గోడకూ మధ్యనే నీరు ముందుగా సందు వెతుక్కుంటుంది. నా అనుభవంలో ఎవరైనా రెండు నిమిషాలు నిలబడి వచ్చేసే చోటు కూడా అదే.

దేవరకొండ వైపు ఒక చెరువు కట్ట మీద, నేను ఉద్యోగానికి కొత్తగా ఉన్నప్పుడు, నాతో నడిచిన, చెరువు నీటిని చూసుకునే పెద్ద నీరటి, ఊట కాలువలో నీటిని స్టీలు గ్లాసుతో ముంచి, కాసేపు కదపకుండా గట్టు మీద పెట్టి, పైనీళ్ళు మెల్లగా వంపేసి అడుగు చూపించాడు. "ఇసుక పడ్డదా లేదా, గంతే చూడు సారూ" అన్నాడు. ఇప్పుడు నేను గాజు సీసా వాడుతున్నాను, తేదీ రాసి వరుసగా నిలబెడుతున్నాను, అంతకుమించి పద్ధతిలో మార్పేమీ లేదు. ఊట కొంచెమే అయినా రేణువులు దిగితే ఆ కబురు అదే రోజు పైకి వెళ్ళాలి. తేటగా ఉన్న ఊటను కొలిచి, పోల్చి చూసుకోవచ్చు.

కొలతకు వి-నాచ్ వాడతాం. ఊట కాలువకు అడ్డంగా బిగించిన ఇనుప పలకలో 90 డిగ్రీల కోణంతో కోసిన గంటు అది. గంటు అడుగు కొన నుంచి నీటిమట్టం ఎంత ఎత్తున ఉందో సెంటీమీటర్లలో కొలవాలి. గంటు దగ్గరికి వచ్చేసరికి నీరు కిందికి వంగుతుంది కాబట్టి ఆ ఎత్తుకు కనీసం నాలుగు రెట్ల దూరం వెనక్కి జరిగి స్కేలు పెట్టాలి. గంటు అవతల నీరు గాలిలోకి దూకుతూ పడాలి. అవతల కాలువ పూడి నీరు ఎదురు తన్నుతుంటే ఆ కొలత పనికిరాదు. లెక్క సులభం: ఎత్తును ఎత్తుతో గుణించి, దాన్ని ఎత్తు వర్గమూలంతో గుణించి, మళ్ళీ 0.0138తో గుణిస్తే సెకనుకు ఎన్ని లీటర్లో తెలుస్తుంది. ఎత్తు 5 సెంటీమీటర్లయితే 0.77 లీటర్లు, 10 అయితే 4.4 లీటర్లు. ఎత్తు రెట్టింపయితే ఊట అయిదున్నర రెట్లు దాటింది. స్కేలు మీద ఒక సెంటీమీటరు తేడాను కొట్టిపారేయకూడదని చెప్పడానికే ఈ రెండు అంకెలు ఇచ్చాను.

ఒంటరి అంకె మాత్రం ఏమీ చెప్పదు. జలాశయం నిండుతుంటే ఊట పెరగడం, తగ్గుతుంటే తగ్గడం సహజం. అందుకని ప్రతి కొలత పక్కన ఆ రోజు జలాశయ మట్టం, గత రెండు రోజుల వాన రాయాలి. వెనుక వాలు మీద పడిన వాన కూడా ఆ కాలువలోకే దిగుతుంది గదా, దాన్ని ఊటగా లెక్కవేసి ఊరంతటినీ భయపెట్టినవారు ఉన్నారు. ఆ తరువాత గ్రాఫు కాగితం మీద అడ్డంగా మట్టం, నిలువుగా ఊట గుర్తించుకుంటూ పోతే, రెండు మూడేళ్ళకు మీ కట్ట నడత తెలుస్తుంది. మట్టం పెరగకుండా ఊట పెరిగితే లోపల దారి వెడల్పవుతున్నదని అనుమానించాలి. మట్టం పెరిగినా ఊట తగ్గితే సంబరపడేవారిని చూశాను, కాని వడపోత మూసుకుపోయి నీరు కట్టలోనే నిలుస్తూ ఉండవచ్చు. అప్పుడు కట్ట లోపలి నీటి ఎత్తును చూపే పీజోమీటర్ గొట్టాల్లో మట్టం పైకి జరిగిందేమో వెంటనే చూడాలి.

కట్ట అడుగున నేల లోంచి నీరు బుడబుడమంటూ ఇసుకను ఎగజిమ్మడం కనిపిస్తే, మొదట కలిగే బుద్ధి బంకమట్టి బస్తాలతో దాన్ని మూసేయడం. అది చేయకూడదు. మూస్తే నీరు పక్కన ఇంకో నోరు తెరుస్తుంది. నీటిని పోనిచ్చి మట్టిని మాత్రమే ఆపాలి కాబట్టి, చుట్టూ ఇసుక బస్తాలతో గూడు కట్టి, లోపల ముందు గరుకు ఇసుక, దాని మీద సన్న కంకర, ఆ పైన పెద్ద కంకర పరచాలి. తేట నీరు వస్తూ ఉంటే పని కుదిరినట్లు. ఈలోగా తూము తెరిచి, దిగువ గ్రామాలకు కబురు చెప్పి, జలాశయ మట్టాన్ని మెల్లగా తగ్గించాలి. ఒక్కసారిగా తగ్గిస్తే, తడిసి బరువెక్కిన నీటి వైపు వాలు జారిపోవచ్చు.

ఇదంతా చిన్న చెరువుల గొడవ అనుకునేవారికి ఒక మాట. నాగార్జునసాగర్ అనగానే 26 గేట్లున్న రాతికట్టడమే ఫొటోల్లో కనబడుతుంది. ఆనకట్ట మొత్తం పొడవు 4,865 మీటర్లు, అందులో రాతికట్టడం 1,450 మీటర్లే. ఇరువైపులా ఉన్న మిగతా మూడు కిలోమీటర్ల పైచిలుకు మట్టికట్టే. ఇక రాతికట్టడాల గ్యాలరీల్లో, అంటే కట్టడం లోపలి నడవాల్లో, డ్రెయిన్ల నుంచి కారే నీటినీ ఇలాగే కొలుస్తారు, అక్కడ మట్టి బదులు తెల్లని సున్నపు పూతను చూస్తారు, అది గచ్చు కరిగి వస్తున్న గుర్తు.

2021 నాటి ఆనకట్టల భద్రతా చట్టం వానాకాలానికి ముందు ఒకసారి, తరువాత ఒకసారి తనిఖీ తప్పనిసరి చేసింది. 15 మీటర్లు దాటిన ఆనకట్టలన్నీ, 10 నుంచి 15 మీటర్ల మధ్య కొన్ని దాని కిందికి వస్తాయి. మన చెరువుల్లో ఎక్కువ భాగం రావు, వాటికి మీ నోటు పుస్తకమే దిక్కు.

అభ్యాసం. ఒక ఊహా జలాశయంలో వాన లేని రోజుల్లో తీసిన కొలతలివి. ఆగస్టులో నీటి లోతు 6 మీటర్లు, నాచ్ మీద 4 సెంటీమీటర్లు. సెప్టెంబరులో 8 మీటర్లు, 6 సెంటీమీటర్లు. అక్టోబరులో 8 మీటర్లు, 7 సెంటీమీటర్లు. నవంబరులో 7 మీటర్లు, 7 సెంటీమీటర్లు. నాలుగు నెలల ఊటను లీటర్లలో లెక్కగట్టి, గ్రాఫు గీసి, పై అధికారికి మీరు ఏ నెలలో ఉత్తరం రాసేవారో, అందులో ఏ రెండు కొలతలను పక్కపక్కన చూపేవారో రాయండి. 5వ పాఠం గేట్ల గురించి. 2019 అక్టోబరులో మూసీ ప్రాజెక్టు రెగ్యులేటర్ గేటు, 2024 ఆగస్టులో గొలుసు తెగి తుంగభద్ర 19వ గేటు కొట్టుకుపోయిన తీరు అక్కడ చూద్దాం.