పళ్లకు క్లిప్పులు వేయించుకునే ముందు సప్లిమెంట్ల విషయంలో జాగ్రత్తలు

క్లిప్పులు వేయించుకునేందుకు వెళ్లే రోజున, ఇంట్లో వాడుతున్న విటమిన్, కాల్షియం సీసాలను, పొట్లాలను ఒక సంచిలో వేసుకుని క్లిప్పులు వేసే దంతవైద్యులైన ఆర్థోడాంటిస్ట్‌కు చూపించండి. పేరు గుర్తున్నా మోతాదు గుర్తుండదు, అసలు కావలసింది అదే.

క్లిప్పుల తీగ ఒత్తిడికి పన్ను జరగాలంటే ఒకవైపు ఎముక కరగాలి, రెండోవైపు కొత్త ఎముక కట్టాలి. కాబట్టి ఎముక మీద పనిచేసే ఏ పదార్థమైనా ఆ కదలికను మార్చే అవకాశం ఉంది. విటమిన్ డిని పంటి పక్కన ఇంజెక్షన్‌గా ఇచ్చిన జంతువుల్లో కదలిక పెరిగింది, ఒమేగా-3 ఇచ్చిన ఎలుకల్లో తగ్గింది. మనుషుల విషయంలో అంత గట్టి ఆధారం లేదు కనుక, చికిత్స త్వరగా ముగుస్తుందన్న ఆశతో మోతాదు పెంచుకోకండి. ముఖ్యంగా వారానికొకటి చొప్పున రాసే 60,000 యూనిట్ల విటమిన్ డి పొట్లాన్ని రోజూ వేసుకుంటే రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పెరగవచ్చు.

ఎముకలు గుల్లబారినందుకు బిస్ఫాస్ఫొనేట్ మందు వాడుతున్నవారు, అది సప్లిమెంట్ కాకపోయినా, తప్పక ముందే చెప్పాలి. అది పంటి కదలికను నెమ్మదింపజేయగలదు. అయితే వైద్యులు రాసిన మందును మీ అంతట మీరు మానవద్దు.

చప్పరించే విటమిన్ సి బిళ్ల బ్రాకెట్ (తీగను పట్టి ఉంచేందుకు పంటికి అతికించే చిన్న ముక్క) పక్కన పుల్లగా కరుగుతూ నిలిస్తే పంటి పైనుండే గట్టి పొర, ఎనామిల్, దెబ్బతింటుంది, అందుకే మింగే మాత్ర మేలు. సాగే గమ్మీలు తీగకు అంటుకుంటాయి.