శాసనంలో రాజుగారి బిరుదులు విప్పడం ఎలా

పాత శాసనం ఏదైనా తీసి చదవండి, మొదటి నాలుగైదు వరుసలు బిరుదులతోనే నిండిపోయి ఉంటాయి, ఎవరికి ఏ భూమి దానం చేశారన్న అసలు సంగతి ఆ తర్వాతెప్పుడో వస్తుంది. చాలామంది ఆ వరుసలు సొంత డప్పు అనుకుని దాటేస్తారు. డప్పే, కాదనను. కానీ ఆ రాజు ఎవరి కింద ఉన్నాడు, తన వంశం ఎక్కడిదని చెప్పుకున్నాడు, ఎవరితో పోటీ పడ్డాడు అన్నవన్నీ అందులోనే దొరుకుతాయి.

ముందు బిరుదులన్నీ కలిపి అల్లిన ఆ పొడుగాటి సమాసాన్ని ముక్కలు చేయండి. ప్రతి ముక్కా హోదా చెబుతోందా, ఊరు చెబుతోందా, ఘనకార్యం చెబుతోందా అని అడగండి.

హోదాతో మొదలుపెట్టడం తేలిక. 'మహామండలేశ్వర' అని కనిపిస్తే ఎంత గొప్ప రాజో అని మురిసిపోవద్దు, మామూలుగా అది సామంతుడి హోదా, అంటే పైన ఇంకో చక్రవర్తి ఉన్నాడని. దానికి ముందు తరచూ 'సమధిగత పంచమహాశబ్ద' అని ఉంటుంది. శృంగం, తమ్మటం, శంఖం, భేరి, జయఘంట అనే ఐదు వాద్యాలు మోగించుకునే హక్కు పొందినవాడు అని దక్కన్‌లో దీనికి మామూలుగా చెప్పే అర్థం, పైనున్న చక్రవర్తి ఇస్తేనే వచ్చే హక్కు కాబట్టి ఇదీ సామంత లక్షణమే. కళ్యాణి చాళుక్యుల కింద ఉన్నన్నాళ్లూ కాకతీయులు ఇవే వాడారు. తమాషా ఏమిటంటే 1163 నాటి హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనంలో కాకతీయ రాజు రుద్రదేవుడు ఓ పక్క ఎవరెవరిని ఓడించాడో చెప్పుకుంటూనే మహామండలేశ్వరుడిగానే కనిపిస్తాడు. అందుకే హోదా ఒక్కటే చూసి తీర్పు చెప్పేయకండి, పై చక్రవర్తి పేరు శాసనంలో ఉందా లేదా అన్నది కూడా చూడండి. ఇంకో సంగతి, హోదాల విలువ కాలంతో పాటు పడిపోతుంది. గుప్తుల కాలానికి చక్రవర్తి 'మహారాజాధిరాజు' అయ్యాడు, వట్టి 'మహారాజు' సామంతులకు మిగిలింది, ఇప్పుడు ఆఫీసులో సగం మంది మేనేజర్లయిపోయినట్టు.

ఊరి పేరు దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. 'ఫలానా పురవరాధీశ్వర', అంటే ఫలానా గొప్ప ఊరికి అధిపతి, అని ఉంటే ఆ ఊరే రాజధాని అని రాసేసుకుంటారు, చాలాసార్లు అది పూర్వీకుల ఊరు మాత్రమే. మాన్యఖేటం నుంచి ఏలిన రాష్ట్రకూటులు తమను లట్టలూరు పురవరాధీశ్వరులన్నారు. మన తెలుగు చోడులు పాతకాలపు చోళరాజు కరికాలుడి వంశమని చెప్పుకుంటూ ఒరయూరు పురవరాధీశ్వరులయ్యారు, ఆ ఒరయూరేమో తిరుచిరాపల్లి దగ్గర ఉంది.

ఇక ఘనకార్యాల బిరుదులు, అసలు మజా వీటిలోనే. విజయనగర రాజుల వరుస తీసుకోండి. 'అరిరాయవిభాడ' అంటే శత్రురాజులను చెండాడినవాడు, 'భాషెగె తప్పువ రాయర గండ' అంటే మాట తప్పే రాజుల పాలిటి మొనగాడు, 'మూరురాయర గండ' అంటే ముగ్గురు రాజులకు మొనగాడు. ఇవి కన్నడ మాటలు, అయినా మనకు కొత్తేం కాదు, గండరగండడు అనేటప్పుడు వచ్చేది ఈ గండడే. ఆ ముగ్గురు రాజులెవరన్న దానిమీద పండితులు ఒక మాట మీద లేరు, కాబట్టి ఎవరైనా ఖాయంగా పేర్లు చెబితే కాస్త ఆగి వినండి.

'హిందూరాయ సురత్రాణ' మాత్రం నాకు అన్నిటికన్నా ఇష్టం. సురత్రాణ అంటే దేవతలను కాపాడేవాడు అని సంస్కృతంలో చక్కగా అర్థం వస్తుంది, కానీ అది సుల్తాన్ అనే అరబ్బీ మాటకు తొడిగిన సంస్కృత వేషం. హిందూ రాజుల్లో సుల్తాన్ అన్నమాట. 1350ల్లోనే బుక్కరాయల శాసనాల్లో ఇది ఉంది. సుల్తాన్లతో యుద్ధాలు చేస్తూనే వాళ్ల హోదా మాటను తమకు తగిలించుకున్నారు, ఎందుకంటే అప్పటికి దక్కన్‌లో బలమైన రాజు అంటే అందరికీ తెలిసిన మాట అదే. కృష్ణదేవరాయలైతే 'యవనరాజ్య స్థాపనాచార్య', అంటే తురుష్కుల రాజ్యాన్ని నిలబెట్టినవాడు, అని కూడా అనిపించుకున్నాడు, బీదరులో బహమనీ సుల్తాన్‌ను మళ్లీ గద్దెనెక్కించిన ఘనత తనదని.

ఇక్కడే ఒక పరీక్ష పెట్టండి: ఈ బిరుదు ఈ రాజు సంపాదించిందా, వారసత్వంగా వచ్చిందా? మూరురాయర గండ విజయనగరాన్ని మొదట ఏలిన సంగమ వంశపు రాజుల నాటిది. కృష్ణదేవరాయలు తుళువ వంశం, అంటే మధ్యలో సాళువులు కూడా వచ్చి వెళ్లారు, అయినా ఆ బిరుదు సింహాసనంతో పాటే వచ్చింది. దాన్ని చూపించి ఆయన ఓడించిన ముగ్గురు రాజుల కోసం వెతకడం దండగ. ముందు రాజుల శాసనాల్లో ఆ మాట లేదని తేలితేనే ఆ రాజు జీవితంలో కారణం వెతకండి.

పారసీ బిరుదులకు వేరే లెక్క. వీటిలో చాలావరకు పైవాడు ఇచ్చినవే, కాబట్టి అర్థంతో పాటు ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు అన్నది రాసుకోండి. హైదరాబాదు మొదటి నిజాం మీర్ ఖమరుద్దీన్‌కు 1713లో మొఘల్ చక్రవర్తి ఫరూఖ్‌సియర్ ఇచ్చింది నిజాముల్ ముల్క్, అంటే రాజ్య వ్యవహారాలు చక్కబెట్టేవాడు. 1725లో మరో మొఘల్ చక్రవర్తి మహమ్మద్ షా ఇచ్చింది ఆసఫ్ జా, పురాణ కథల్లోని సులేమాన్ రాజుగారి మంత్రి ఆసఫ్ అంతటివాడని. రెండూ మంత్రికి తగ్గ మాటలే, ఒక్కదానిలోనూ రాజు అనే మాట లేదు, చివరికి అవే హైదరాబాదు పాలకుల పదవికీ వంశానికీ పేర్లయ్యాయి.